ఖాళీ పెట్టెకు గొళ్ళెం

తల్లీ కొలీన్, ఇక్కడ బాగానే ఉన్నాం, కంగారుపడకు. ఫోన్లో అయితే మీ నాన్న వింటారని కార్డు రాస్తున్నాను. ఆయన కొండచిలువ పిల్లను పెంచడానికి లైసెన్సు తెచ్చుకున్నారు. విషం లేనిదేనట. శనివారం తెస్తారు. అందాకా ఖాళీ గాజుపెట్టెను వెచ్చబెట్టి, గంటగంటకూ వేడి చూసుకుంటున్నారు. రిటైరయ్యాక ఆయన ఇంత హుషారుగా ఉండటం ఇదే మొదలు. నిన్న పక్కింటి డోరీన్‌కు పెడదామని ఫ్రీజర్లోని ఐస్‌క్రీమ్ డబ్బా తీస్తే, అందులో పాము మేతకని తెచ్చిన గడ్డకట్టిన ఎలుకపిల్లలు. "నాకు ఒక్కటి చాల్లే వదినా" అంది డోరీన్.

క్రిస్మస్‌కు పిల్లలతో వస్తావా, పాముందని మానేస్తావా? నువ్వు రానంటే పాము వద్దని ఆయనకు నేనే చెబుతాను. గురువారం ఆయన బౌల్స్ ఆటకు క్లబ్బుకు వెళ్ళాక ఫోన్ చెయ్యి. పెట్టెకు రెండు గొళ్ళేలున్నాయి. అది ఇంకా ఖాళీయే, అయినా రోజుకు మూడుసార్లు లాగి చూస్తున్నాను.

పిల్లలకు నా ముద్దులు.
అమ్మ