బీరువా తాళాలు

అన్నా,

ఈ రోజు నాకు ప్లస్‌టూ ఫిజికల్ ఎడ్యుకేషన్ ప్రాక్టికల్. నువ్వు పూర్తి చెయ్యకుండా వదిలిపోయిన సబ్జెక్టే నేనూ తీసుకున్నా. పరుగు, వాలీబాల్ అయినాక వైవాలో సారు అడిగినాడు: "గ్రౌండ్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే ఏం చేస్తావ్?"

"పక్కకు తిప్పి పడుకోబెట్టాల సార్. అదిమి పట్టుకోకూడదు. చేతిలో ఇనుము పెట్టినా ఫిట్స్ ఆగవు," అన్నా.

"వెరీ గుడ్," అని మార్కులు వేసుకున్నాడు. ఇంత చిన్న ముక్క ఆ రోజే ఎవరన్నా చెప్పుంటే వాళ్ల సొమ్మేం పోయిండేది?

ముత్తియాల్‌పేట గ్రౌండ్లో నువ్వు వెల్లకిలా పడి కొట్టుకుంటా ఉంటే అమ్మ పరిగెత్తుకొచ్చి బీరువా తాళాలు నీ పిడికిట్లో కుక్కింది. నలుగురు నిన్ను అట్లే నేలకు అదిమి పట్టినారు. వాంతి గొంతుకు అడ్డం పడి నీ ప్రాణం పోయిందని డాక్టరు నాన్నకూ నాకూ మాత్రమే చెప్పినాడు.

ఇంటికి రాగానే అమ్మ, "ఏంది పాపా అడిగినారు?" అనింది.

"వాలీబాల్ కోర్టు కొలతలు మా," అన్నా.

ఆ తాళాలు ఇంకా అమ్మ నడుముకే ఉండాయి. ఆస్పత్రి దాకా నీ ప్రాణం నిలబెట్టింది అవేనని వచ్చినోళ్లందరికీ చెప్తా ఉంటుంది. అన్ని పాఠాలూ గట్టిగా చదివినా గానీ, ఆ ఒక్క పాఠం మాత్రం ఇంట్లో ఎప్పుడూ పైకి చదవలేదన్నా.