నల్ల విమానంలో పసుపు తెర

క్వీన్స్‌లాండ్ రాష్ట్రం బోవెన్ పట్టణంలో ఉంటూ, పట్టణ గ్రంథాలయంలో పని చేస్తున్న కొలెట్ మేరీ గిల్‌హూలీ అనే నేను, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఎవరూ పక్కన కూర్చుని చెప్పించకుండా నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉంది. నిలకడ లేనిది గుండె. ఒకదాని లోపాన్ని రెండోదానికి అంటగట్టవద్దని చదివేవారికి మనవి. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు కనుక రద్దు చేయవలసింది ఏమీ లేదు.

వచ్చే వారం టౌన్స్‌విల్‌లో నాకు శస్త్రచికిత్స జరుగుతుంది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. తెరిచి, బాగు చేసి, మూస్తారు. డాక్టరుకు భయం లేదు. నాకు కొంచెం ఉంది.

ఈ జబ్బును మొదట కనిపెట్టింది నా పట్టకారు. నేను యుద్ధకాలపు విమానాలకు నమూనాలు చేస్తాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తాను. మంచి పట్టకారు కొనలో మనిషి నాడి కనిపిస్తుందని ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఒకరోజు బియ్యపు నూకంత మీటరును పట్టుకుని చూస్తే, ఆ కొన వరసగా కొట్టుకోవడం మానేసింది. తొందరపడుతోంది, ఆగుతోంది, మళ్ళీ తొందరపడుతోంది. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

నా తదనంతరం నా చరాస్తులు ఈ కింది దఫాల ప్రకారం చెందాలి. స్థిరాస్తి లేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా అన్నయ్య డెక్లన్ గిల్‌హూలీకి అప్పగిస్తున్నాను. మామిడికాయల షెడ్డులో సీజను నడుస్తోందని, తనకు తీరిక లేదని అంటాడు. ఒప్పుకోవద్దు. నేను స్కూల్లో ఉండగా నా లాంకాస్టర్ బాంబరు చక్రాన్ని వాక్యూమ్ క్లీనర్‌తో మింగించింది ఇతనే. "నేలమీద ఉన్నది చెత్త కాక ఇంకేమిటే?" అన్నాడు. ఆ విమానం ఈనాటికీ ఒంటి చక్రంతో నా కిటికీలో ఉంది. దాన్ని ఇతనికే ఇస్తున్నాను. ఎదురుగా పెట్టుకోవాలి. నా బల్ల కింది తివాచీని దులపకుండా ఎవరికీ ఇవ్వకూడదు. అందులో కనీసం ఒక దీపం, ఒక యాంటెనా ఉన్నాయి.

2. నా పుస్తకాలన్నీ మా అమ్మకు. ఆమె వాటిని చదవదు, కానీ తుడుస్తుంది. నేను నోరు విప్పి చెప్పలేని చాలా మాటల కింద పెన్సిలుతో గీతలు గీసి ఉంచాను. తుడిచేటప్పుడు అప్పుడప్పుడు తెరిచి చూడమని కోరుతున్నాను.

3. ఇంకా మూత తెరవని కిట్టు పెట్టెలన్నీ మా నమూనా విమానాల క్లబ్బుకు. జీవితకాలంలో చేయగలిగిన వాటికంటే ఎక్కువ కొనుక్కోవడం మా అందరికీ ఉన్న అలవాటు. ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు. షరతు ఒక్కటే: తీసుకున్నవాళ్ళు అల్మరాలో పెట్టుకోకూడదు, అతికించాలి. బాగా రాకపోయినా సరే.

4. నెవిల్ టాంక్రెడ్ గారికి నా నలుపు రంగు సీసా.

దీనికి వివరణ అవసరం. నెవిల్ గారు డ్రైవింగు పరీక్షలు పెట్టే అధికారిగా పని చేసి రిటైరయ్యారు. మా క్లబ్బులో నమూనాలను కూడా అదే చూపుతో చూస్తారు. నేను క్లబ్బులో చేరిన ఏడాది ఒక నల్ల విమానం తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఆయన దాని చుట్టూ తిరిగి, "పాలిష్ బాగా పట్టించావు అమ్మాయ్. రెండో బూటేదీ?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికి వెళ్ళి ఏడ్చాను. తర్వాత ఆయన చెప్పిందేమిటో ఆలోచించాను. దూరం నుంచి చూసిన నలుపు నలుపుగా ఉండదు. చిన్న నమూనా అంటేనే దూరంగా ఉన్న విమానం. అప్పటి నుంచి నీలం, గోధుమ, బూడిద రంగులు బొట్టు బొట్టుగా కలుపుతూ, సముద్రం మీద వెన్నెల్లో ఎగిరి ఉప్పు పట్టిన రెక్క ఎలా ఉంటుందో అలాంటి నలుపు తయారు చేశాను. సీసా మీద 'నెవిల్ గారి నలుపు' అని రాసి ఉంది. ఆయన ఎప్పుడూ చూడలేదు. బాగా కదిపి వాడాలి.

5. నా బల్లమీద ఉన్న కాటలీనా విమానం మెర్ల్ డగ్గన్ గారికి.

కాటలీనా నీళ్ళమీద దిగే పెద్ద విమానం. యుద్ధంలో మన ఒడ్డున వాటికి మరమ్మతులు చేసేవారు. నీళ్ళలోకి దిగే ఆ సిమెంటు వాలు ఇప్పటికీ ఉంది, దాని మీద పిల్లలు చేపలు పడుతుంటారు. మెర్ల్ గారి తండ్రి ఆర్చీ అలాంటి ఒక నల్ల కాటలీనాలో ఇంజినీరు. రెక్కను మోసే స్తంభంలో ఇరుకు సీటులో కూర్చునే మనిషి ఆయన. మెర్ల్ గారికి ఐదేళ్ళప్పుడు ఆ విమానం వెళ్ళి తిరిగి రాలేదు. ఎక్కడ పడిందో తెలియదు. సమాధి లేదు.

ఆమె గ్రంథాలయానికి ప్రతి గురువారం వస్తారు. నేను ఖాళీ వేళలో కాటలీనా కిట్టు కాగితం చదువుకోవడం చూసి, లోపల పడక గదికి తెర పెడుతున్నావా అని అడిగారు. ఏ తెర అన్నాను. ఆమె చెప్పారు: రాత్రంతా ఎగిరే విమానంలో వంతు ముగిసినవాడు పడుకుంటే కళ్ళలో దీపం పడుతుంది. తెర కావాలని ఆర్చీ అడిగారు. ఆయన భార్య వంటింటి కిటికీ తెరను రెండుగా కత్తిరించి ఒక సగం ఇచ్చింది. కత్తెర నడిచినంతసేపూ గుడ్డ రెండో చివర పట్టుకున్నది మెర్ల్ గారే.

ఈ మాట క్లబ్బులో చెప్పాను. అది నా జీవితంలో నేను మాట్లాడిన అతి పొడవైన మాట కావచ్చు. మా క్లబ్బుకు ఒక నియమం ఉంది. ఆధారం లేనిది అతికించకూడదు. ఆధారం అంటే ఫోటో. నెవిల్ గారు అన్నారు: "తెర ఉన్న ఫోటో చూపించు. లేకపోతే అది విమానం కాదమ్మాయ్, బొమ్మరిల్లు."

మరుసటి సమావేశానికి మెర్ల్ గారు స్వయంగా వచ్చారు. రెండో సగాన్ని కాగితంలో చుట్టి తెచ్చారు. నెవిల్ గారు ఆమెను కూడా ఫోటో అడిగారు. ఆమె చేతిసంచి తెరిచి ఒక చిన్న ఫోటో తీసి బల్లమీద పెట్టారు.

"మా నాన్న ఫోటో ఇదొక్కటే ఉంది నాయనా. తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. అంటే మా నాన్నకు కళ్ళు లేవంటావా?"

ఎవరూ నవ్వలేదు. నెవిల్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అవునని కానీ కాదని కానీ అనలేదు. ఈ వీలునామా ఇంత పొడవు కావడానికి కారణం ఆయన ఆ మౌనమే.

ఆ గుడ్డ డెబ్బై ఏళ్ళు ఎండకు ఎండి పాత పత్రిక రంగుకు తిరిగింది. ఆ రంగు వేస్తే తప్పవుతుంది, ఎందుకంటే ఆర్చీ సగానికి అంత ఎండ తగల్లేదు. కాన్వెంటులో సిస్టర్ కొలంబా మాకు కుట్టు నేర్పుతూ, గుడ్డ అసలు రంగు తెలియాలంటే మడత విప్పమని చెప్పేది. అందుకే మెర్ల్ గారి అనుమతితో అంచు కుట్టు రెండంగుళాలు విప్పాను. లోపల తుమ్మపూల పసుపు. నిన్న పూసినట్టు ఉంది. మెర్ల్ గారు దాన్ని చూసి, వేలితో తాకి, "ఇదే మా వంటిల్లు" అన్నారు.

అసలు గుడ్డ ముక్కనే లోపల పెట్టమని ఆమె అడిగారు. నలభై ఎనిమిదో వంతు విమానంలో నిజమైన గుడ్డ గోనెపట్టాలా కనిపిస్తుందని చెప్పవలసి వచ్చింది. పలచటి సిగరెట్టు కాగితానికి ఆ పసుపు వేసి, మడతలు పెట్టి, గోరంత తెర చేశాను. కానీ ఆ అంచులోంచి ఊడిన దారంలో ఒక్క పోగు తీసి చూస్తే, అది ఈ కొలతకు సరిగ్గా తాడంత ఉంది. ఇప్పుడు తెర ఆ తాడు మీద వేలాడుతోంది. కనుక ఆ వంటింటిది కొంత అందులో నిజంగానే ఉంది.

6. కాటలీనాను పూర్తి చేయడం గురించి.

రెక్కలు, ఇంజిన్లు, రంగు అన్నీ అయిపోయాయి. విమానం పొట్ట మాత్రం ఇంకా రెండు దొప్పలుగా ఉంది. లోపల సీట్లు, మీటర్లు, చిన్న స్టవ్, కెటిల్, పడకలు, తెర ఉన్నాయి. దొప్పలు ఒకసారి అతికిస్తే వాటిని మళ్ళీ ఎవరూ చూడలేరు. అయినా లోపలంతా రంగు వేయడం మా పద్ధతి.

ఆసుపత్రికి వెళ్ళేలోపు అతికించి ఉండవచ్చు. రెండు కారణాల వల్ల మానుకున్నాను. ఒకటి, నా చేతులు నా మాట వినడం లేదు. రెండు, మెర్ల్ గారు ప్రతి గురువారం భూతద్దంతో లోపలికి చూసి కొత్తగా ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటున్నారు. పోయిన వారం, తండ్రి ఎడమ వైపు పడకలో పడుకునేవాడని, కుడి చెవి సరిగా వినిపించదు కనుక ఆ చెవి పైకి పెట్టుకుంటే నిద్ర పట్టేదని చెప్పారు. అంతకు ముందు వారం దాకా ఆ చెవి సంగతి ఆమెకే గుర్తు లేదు. అలాంటప్పుడు నేను జిగురు సీసా మూత తీయలేకపోయాను.

నేను తిరిగి రాకపోతే ఆ దొప్పలను నెవిల్ టాంక్రెడ్ గారు అతికించాలి. బోవెన్‌లో అంత నిలకడైన చెయ్యి ఇంకొకటి లేదు. బట్టల క్లిప్పులు కిటికీ దగ్గర డబ్బాలో ఉన్నాయి. జిగురు తక్కువ పెట్టాలి, ఓపిక ఎక్కువ పెట్టాలి. ఇది ఆయన నాకు నేర్పిందే. షరతులు:

అ. మెర్ల్ గారు ఇక చాలు అనే వరకు మూయకూడదు. ఆ రోజు ఆమె పక్కన ఉండాలి.

ఆ. పసుపు తెరను తీయకూడదు, మార్చకూడదు. ఫోటో లేదన్న కారణం చెల్లదు.

నెవిల్ గారూ, మీరు ఎవరూ చూడనప్పుడు కూడా తప్పు చేయని మనిషి. అందుకే నాకు భయం. ఆ తెర మీకు తప్పుగా తోచి, మూసే ముందు పట్టకారుతో మెల్లగా లాగేస్తే, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. లేని తెర ఉందనుకుంటూ మెర్ల్ గారు ఆ విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అది జరగకుండా ఆపడానికి ఈ కాగితం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. ఎదురుగా చెప్పడం నాకు చేతకాదు.

7. పైన చెప్పనిది ఏదైనా మిగిలితే మా అన్నయ్య తన ఇష్టప్రకారం పంచవచ్చు. వాక్యూమ్ క్లీనర్ మాత్రం వాడకూడదు.

సాక్షుల గురించి ఒక మాట. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవారికి అందులో ఏదీ ఇవ్వకపోవడం మంచిదని లాయరు చెప్పాడు. తనను సాక్షిగా పిలవలేదని నెవిల్ గారు నొచ్చుకున్నట్టు తెలిసింది. "ఆరేళ్ళ పరిచయం, సంతకానికి కూడా పనికిరానా?" అని మా అన్నయ్య దగ్గర అన్నారట. పిలవకపోవడానికి కారణం నాలుగో దఫా.

పైన రాసినదంతా చదువుకుని, సరిగానే ఉందని తెలుసుకుని సంతకం చేస్తున్నాను. ఇది చాలా ఏళ్ళపాటు సొరుగులో పడి ఉండి పసుపెక్కాలని నా ఆశ.

బోవెన్, 2018 నవంబరు 15, గురువారం.

(సంతకం) కొలెట్ మేరీ గిల్‌హూలీ

సాక్షులు:
1. యూనిస్ పెట్రీ, గ్రంథాలయ ఉద్యోగి
2. గార్త్ లిండ్‌క్విస్ట్, పొరుగింటివారు


అనుబంధం

కొలెట్ మేరీ గిల్‌హూలీ అనే నేను పై వీలునామాలో ఈ మార్పులు చేస్తున్నాను. బుద్ధి అప్పటిలాగే ఉంది. గుండె దానికి తోడైంది. పట్టకారు కొన ఇప్పుడు వరస తప్పకుండా కొట్టుకుంటోంది. బరువులు ఎత్తకూడదన్నారు, కానీ కాటలీనా బరువు కిందికి రాదు.

నాలుగో దఫా రద్దు. నలుపు సీసాను నెవిల్ గారికి నా చేతులతోనే ఇచ్చాను. ఆయన పేరు చదివి, సీసాను కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇందులో నీలం కలిపావు" అన్నారు. అవునన్నాను. "నేను బూడిద రంగే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అని జేబులో పెట్టుకున్నారు.

ఆరో దఫా రద్దు. పని పూర్తయింది. మెర్ల్ గారు పోయిన గురువారం చాలాసేపు చూసి, భూతద్దం బల్లమీద పెట్టి, "ఇక నిద్రపోనీ" అన్నారు. జిగురు నేను పెట్టాను. దొప్పలు మెర్ల్ గారు నొక్కి పట్టుకున్నారు. క్లిప్పులు నెవిల్ గారు తగిలించారు.

అంతకు ముందు జరిగినది కూడా రాయాలి. జిగురు మూత తీయగానే నెవిల్ గారు ఆగమని చెయ్యి ఎత్తారు. నా గుండె సరిగానే కొట్టుకుంటూ గట్టిగా కొట్టుకుంది. ఆయన తెర వైపు చూడలేదు. పడక గదికీ, వెనక గాజు కిటికీల గదికీ మధ్య ఉన్న చిన్న తలుపును పట్టకారుతో ఊడదీసి, తెరిచి ఉన్నట్టుగా పక్కకు అతికించారు. "ఇలా ఉంటే కిటికీలోంచి కనిపిస్తుంది" అన్నారు. తలుపు అలా తెరిచి ఉండేదని ఫోటో ఉందా అని మెర్ల్ గారు అడిగారు. లేదన్నారు.

ఐదో దఫాకు బదులు కొత్త దఫా. కాటలీనా ఇప్పుడు మెర్ల్ డగ్గన్ గారి వంటింటి కిటికీలో ఉంది. ఆమె తర్వాత అది ఎవరి దగ్గరికి వెళ్ళినా, వారు దాన్ని గాజు కిటికీ వెలుతురు వైపు ఉండేలా పెట్టాలి. ఉదయం పూట ఒక కన్ను మూసి చూస్తే, అంత నలుపు లోపల తుమ్మపువ్వంత పసుపు కనిపిస్తుంది.

నెవిల్ టాంక్రెడ్ గారికి నా వీలునామాలో ఇక ఏమీ రాదు. కనుక ఆయన సంతకం చేయడానికి అడ్డు లేదు.

బోవెన్, 2019 ఫిబ్రవరి 17, ఆదివారం.

(సంతకం) కొలెట్ మేరీ గిల్‌హూలీ

సాక్షులు:
1. నెవిల్ ఆర్థర్ టాంక్రెడ్
2. యూనిస్ పెట్రీ