మోహన్ అంటుకట్టిన మెడ్లర్

మే 30
మెడ్లర్ పండ్లచెట్టు మొదటిసారి పూసింది. రెమ్మ చివర ఒక్కొక్క తెల్లపువ్వు. ఉద్యోగం పోయాక మా ఆయన మోహన్ గది దాటేది ఈ చెట్టు కోసమే. ఇవాళ స్నానం కూడా చేసి వెళ్లాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర మాడ్చాను.

జూన్ 9
ఒక రెమ్మ నల్లబడి వంకర తిరిగింది, మంట తగిలినట్టు. పక్కింటి రోసా ఆంటీకి చూపించాను. అంటుకి కొమ్మ ఇచ్చింది ఆవిడే. చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.
"ఫైర్ బ్లైట్ తెగులు. పచ్చగా ఉన్నచోటి దాకా కోసెయ్. కోసిన ప్రతిసారీ బ్లేడు స్పిరిట్‌తో తుడువు. లేకపోతే మిగతా కొమ్మలకి నువ్వే అంటిస్తావు."
మోహన్‌కి చెప్పలేదు.

జూన్ 10
హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్లేముందు కోశాను. చెత్తసంచి అడుగున దాచాను.

జూన్ 16
మళ్లీ. ఈసారి పెద్ద కొమ్మ. అదీ కోశాను.

జూన్ 17
"కొమ్మలేవి?" అన్నాడు.
"గాలికి విరిగాయి."
కోతల మీద వేలుపెట్టి చూశాడు. లోపలికొచ్చి పడుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది...

జూన్ 21
గదిలోనే. అన్నం పెట్టిన ప్లేటు పెట్టినట్టే ఉంది. డాక్టర్ దగ్గరికి రానంటాడు. కనీసం గడియ పెట్టుకోవద్దని బతిమాలాను. పెట్టుకోలేదు. అదే చాలనుకుంటున్నాను.

జూన్ 23
నలుపు మానుకి పాకింది. అంటు కింద ఉన్నది ఉత్త హాథార్న్ ముళ్లచెట్టు మొదలు — అక్కడిదాకా వస్తే మెడ్లర్ లేనట్టేనంది రోసా ఆంటీ.
ఇక నావల్ల కాలేదు. గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను.
"గాలీ లేదు, ఏమీ లేదు. నేనే కోశాను. చెట్టు చచ్చిపోతోంది, మోహన్. నాకు చేతకావట్లేదు. లే."
చాలాసేపటికి లేచాడు. "రంపం ఇవ్వు."
ఇవ్వడానికి భయం. ఇచ్చాను. పక్కనుంచి కదల్లేదు.
అంటుకి జానెడు పైన కోశాడు. లోపల చెక్క తెల్లగా ఉంది.
"చిగురేస్తే వేస్తుంది. వచ్చే ఏడు తెలుస్తుంది."
వచ్చే ఏడు అన్నాడు. తనంతట తనే.

జూన్ 24
లేవలేదు. నేనే ఫోన్ చేస్తే మధ్యాహ్నం తీసుకురమ్మన్నారు డాక్టర్.
"పద, వెళ్దాం."
గోడవైపు తిరిగాడు. "నువ్వెళ్లు సుజా. డ్యూటీకి లేటవుతుంది."
"సెలవు పెట్టాను. ఒక్కదాన్నే ఎక్కడికీ వెళ్లను."
కళ్లు తెరిచే ఉన్నాయి. మంచం అంచున కూర్చుని రాస్తున్నాను. కారు తాళాలు ఒళ్లోనే... ఇంకా టైముంది.