ఇయర్‌ఫోన్ల మీదే ఎందుకంత పట్టు?

గురువారం, రాత్రి

ఈ ఇంట్లో బ్రెయిలీ నాకొక్కడికే వచ్చు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

పుస్తకాలు వినే ప్లేయర్ కొనడానికి ఇవాళ మా ఆవిడ సరోజ, అమ్మాయి లత, నేను నందిగామ వెళ్ళాం. కొట్టతను రెండు చేతిలో పెట్టాడు. ఒకటి స్పీకరున్నది, రెండోది ఇయర్‌ఫోన్లతో వినేది. రెండింటి బటన్లూ వేలికి బాగానే తెలుస్తున్నాయి. ఆపి మళ్ళీ నొక్కితే రెండూ ఆగిన చోటే అందుకున్నాయి. నాకు స్పీకరుదే నచ్చింది. తల్లీకూతుళ్ళు మాత్రం రెండోదే కొనమని ఒకటే పోరు.

"చెవుల్లో పెట్టుకుంటే మీకు హాయండీ," అంది సరోజ.

హాయి ఎవరికో! చూపు లేనివాడి చెవులు కూడా మూసేస్తే ఇంట్లో ఏం మాట్లాడుకున్నా అడ్డుండదు.

అందుకే వాళ్ళు చెప్పిందే కొన్నాను. జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ప్లేయర్ ఆన్ చేయకుండా, కథ వింటున్నట్టు తలాడిస్తూ కూర్చున్నాను.

"ఇక నాన్న చదివిపెట్టమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు," అంది లత.

"మీ నాన్నలాంటి మంచి మనిషి ఎక్కడా ఉండడే," అంది సరోజ.

ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నడూ వినలేదు. అనుమానపడినందుకు సిగ్గేసింది.

కాసేపటికి తనే వచ్చి భుజం తట్టింది. "ఏవండీ, ఆన్‌లో ఉంటే దానికి పచ్చ లైటు వెలుగుతుందంట. ఇందాకట్నుంచి చూస్తున్నా, వెలగట్లేదు."

లైటుందని నాకెవరూ చెప్పలేదు. అయినా, ఇందాకట్నుంచి అంటే ఎప్పట్నుంచి? ఆ మంచి మాట అన్నాకనా, అనకముందు నుంచా?