మా అమ్మాయిని ఫెయిల్ చేయవలసిందిగా మనవి

పాఠశాల విద్యాధికారి గారి సముఖమునకు, సిటీ బస్సు డ్రైవరును, తొమ్మిదో తరగతి బాలికకు తల్లిని అయిన నేను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మాయిని తొమ్మిదో తరగతిలో ఫెయిల్ చేయుట, అది వీలుపడనిచో, దాని క్లాసు టీచరమ్మ గారికి తమ కార్యాలయము ఇచ్చిన మెమోను రద్దు చేయుట గురించి.

సూచిక: పఠనోత్సవము నాడు తమరు స్వయముగా మా అమ్మాయి వీపు తట్టుట.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, అంకెలు వేయని అర్జీ బల్ల దాటదని తమ గుమాస్తా గారు సెలవిచ్చినందున అంకెలు వేయడమైనది. మధ్యలో ఎక్కడైనా అంకె కనబడకపోతే, అక్కడ నాకు కోపం వచ్చి మరిచిపోయానని గ్రహించవలెను.

1. మా అమ్మాయిని బడిలో అందరూ 'రేడియో' అంటారు. ఒకసారి విన్నది పొల్లుపోకుండా అప్పజెప్పడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. మా అత్తగారు వంటింట్లో చెప్పే కథలైనా, బస్సు ఆపలేదని ప్రయాణికులు నన్ను తిట్టిన తిట్లయినా గొంతుతో సహా దించేస్తుంది. ఒకటో తరగతి నుంచీ ప్రతి ప్రగతి పత్రంలోనూ దానికి 'ఎ' గ్రేడే. ఇంటికి పాలు పోయడానికి వచ్చినావిడకు కూడా ఆ కాగితాలు చూపించి మురిసిపోయిన దాన్ని నేను.

2. తమ శాఖవారు 'నూటికి నూరు చదువరులు' అను పథకము క్రింద, బడిలోని పిల్లలందరికీ చదవడం వచ్చేసినట్టు ప్రకటించి, ఆ సంతోషంలో పఠనోత్సవము జరిపించియున్నారు. ఆ రోజు నేను డ్యూటీ మార్చుకుని, యూనిఫాం కూడా విప్పకుండా వచ్చి, కుర్చీల వెనక నిలబడ్డాను. స్వాగత పత్రం చదివింది మా రేడియోనే. ఒక్కచోటా తడబడలేదు. తమరు ముచ్చటపడి, బహుమతి పుస్తకం దాని చేతిలో పెట్టి, "ఏదీ, ఇందులోంచి ఓ నాలుగు వాక్యాలు చదువమ్మా" అన్నారు. అది పుస్తకం మధ్యకి తెరిచి, ఒక్క క్షణం చూసి, మొదలుపెట్టింది. ఒక రాజుకు ముగ్గురు కూతుళ్లట. ముగ్గురిలో చిన్నదానికి ఎంతకీ నిద్ర పట్టదట. దేశదేశాల నుంచి జోలపాటలు పాడేవాళ్లను పిలిపించారట. తమరు కళ్లు మూసుకుని తల ఊపుతూ విన్నారు. "భేష్, చదవడమంటే ఇదీ" అన్నారు. వీపు తట్టారు. చప్పట్లు మోగాయి. నేనూ అరచేతులు మండేలా కొట్టాను.

3. ఇంటికొచ్చాక ఆ రాజుగారి కథ చివరకు ఏమైందో చూద్దామని నేను పుస్తకం తీశాను. దాని పేరు 'మురుగు కాలువలు - దోమల నిర్మూలన'. మొదటి నుంచి చివరి దాకా దోమలే. రాజు లేడు, కూతుళ్లు లేరు. నిద్ర పట్టకపోవడం మాత్రం ఒకచోట ఉంది, అదీ దోమల వల్లనే.

అమ్మాయిని పిలిచి ఒక పేజీ చూపించి చదవమన్నాను. అది పుస్తకం కేసి చూడలేదు, నా కేసి చూసింది.

"నువ్వొకసారి చదువమ్మా. తర్వాత నేను చదువుతా" అంది.

అయ్యా, ఇన్నేళ్లుగా బస్సు నడుపుతున్నాను. బ్రేకు పడని రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడు కడుపులో అలాగే అయింది.

తర్వాత అదే మెల్లగా చెప్పింది. విడివిడిగా అక్షరాలు తెలుసట. గుణింతం వరకూ ఎలాగో నెట్టుకొస్తుందట. ఒత్తులు వచ్చాయంటే అన్నీ కలిసి చిక్కుపడిపోతాయట. క్లాసులో టీచరు ఒక వాక్యం చదివితే అందరూ కలిసి వల్లిస్తారు కదా, ఆ గుంపులో దీనిదే పెద్ద గొంతు. అందుకని దీనికే బాగా వచ్చని అందరూ అనుకున్నారు. పరీక్షలకు ముందురోజు జవాబులు బోర్డు మీద రాస్తారు, ఇది ముగ్గులు గుర్తుపెట్టుకున్నట్టు వాటి ఆకారాలు గుర్తుపెట్టుకుని దించేస్తుంది.

మరి అంత పెద్దమనిషి ముందు రాజు కథ ఎత్తుకోవడానికి నీకు ధైర్యం ఎలా వచ్చిందే అని అడిగాను.

"అట్ట మీద దోమ బొమ్మ ఉందమ్మా. కానీ నాకు దోమల కథలేవీ రావు. ఆయన అట్ట కేసి చూడలేదు కదా అని నాయనమ్మ కథ చెప్పేశా" అంది.

నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి అదీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగిపోయింది. తనకు చదువు రాదని స్నేహితులకు తెలిస్తే ఇక బడికే పోనని, ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. చెప్పనని మాటిచ్చి, మర్నాడే వెళ్లి హెడ్మాస్టరు గారికి చెప్పాను. తల్లినన్నాక తప్పదు.

4. హెడ్మాస్టరు గారిని నేను కోరింది ఒక్కటే: దీన్ని ఈ ఏడాది ఇదే తరగతిలో ఆపి చదవడం నేర్పండి అని. బడికి నిప్పు పెట్టమన్నట్టు చూశారాయన. ఎవరినీ ఆపరాదని నిబంధనట, పైగా బడి ఫలితం నూటికి నూరట. "ఒక్క పోగు లాగితే బట్టంతా ఊడొస్తుందమ్మా" అన్నారు. ఊడిరావడానికి ఇంకెన్ని పోగులున్నాయని అడిగాను. ఆయన లేచి ఫలితాల ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశారు.

అక్కడి నుంచి తమ కార్యాలయానికి వచ్చాను. పిల్లలను పాస్ చేయమని అర్జీలు తీసుకుంటారట గానీ, ఫెయిల్ చేయమనే అర్జీకి సెక్షనే లేదట. పోనీ పేపర్లు మళ్లీ దిద్దించమని అడిగితే, కంప్యూటరు మార్కులు పెంచడానికే ఒప్పుకుంటుందట, తగ్గించడానికి ఒప్పుకోదట. అంత దయగల యంత్రాన్ని నేను మరెక్కడా చూడలేదు. (ఇక్కడ అంకె వేయలేదు. కారణం పైన విన్నవించియున్నాను.)

5. ఇది ఇలా ఉండగా, ఒక సాయంత్రం క్లాసు టీచరమ్మ గారు తనంతట తాను బస్సు డిపోకి వచ్చారు. నేను అద్దం తుడుస్తుంటే పక్కన నిలబడి, "నాకు ముందే తెలుసండీ. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నారు. ఆమెను కడిగేద్దామనుకున్నాను. ఆ మాటతో గుడ్డ పక్కన పెట్టి, సంగతేమిటో చెప్పమన్నాను. పిల్లలు చదువుతున్నట్టు ప్రతి పీరియడుకీ ఫొటోలు తీసి తమకు పంపాలట. పుస్తకాలు తెరిపించి, తలలు వంచమని, వెలుతురు చూసుకుని, అందరూ ఫొటోలో పడేలా సర్దేసరికి గంట కొట్టేస్తారట. చదివించడానికి ఇక వేళ ఎక్కడుంది?

మర్నాటి నుంచి చివరి పీరియడులో ఆమె మా రేడియోనీ, అలాంటి మరో పదిమంది దాకా పిల్లలనీ వెనక గదిలో కూర్చోబెట్టి ఒత్తుల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. వల్లించడం లేదు, ఫొటోలు లేవు. మాదీ పెంకెది, మొదటి రోజు పలక విసిరేసింది. తన పక్కన మీసాలొచ్చిన కుర్రాడొకడు 'క్క, గ్గ' అని కూడబలుక్కోవడం చూశాక సర్దుకుంది.

ఒకరోజు బడి వదిలాక నా బస్సెక్కి, సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుని దారిపొడుగునా దుకాణాల బోర్డులు చదవసాగింది. "కళ్... కళ్ల... అద్... అద్దా... కళ్లద్దాలు" అంది. సిగ్నలు పడి ఆగాం. ఎదురుగా పెద్ద బోర్డు, నిండా ఒత్తులే. దీపం పచ్చబడింది, వెనక హారన్లు మోగుతున్నాయి. అది చదవడం పూర్తయ్యేదాకా నేను బస్సు కదపలేదు. అందుకు డిపోలో నాకూ ఒక మెమో ఇచ్చారు. అది వేరే శాఖకు చెందినది గనుక ఇందులో చేర్చడం లేదు.

6. అటు తర్వాత తమ కార్యాలయము నుండి టీచరమ్మ గారికి మెమో వచ్చినది. చదువరులుగా ప్రకటింపబడిన పిల్లలకు చదువుట నేర్పుట వారిని కించపరచుటయేననియు, పథకమును శంకించుటయేననియు, పైగా ఫొటోలు అందలేదనియు అందులో ఉన్నది. ఆమెకు ఇంక్రిమెంటు ఆపుతామన్నారు. క్లాసు ఆగిపోయింది. ఇప్పుడా పీరియడులో పిల్లలందరూ మళ్లీ పుస్తకాలు తెరిచి, తలలు వంచి, ఫొటో దిగుతున్నారు. ముందు వరుసలో మా అమ్మాయే ఉంటోంది, దానికి ఫొటోలో నవ్వడం బాగా వచ్చట.

కావున తమరికి చేసుకొను మనవి ఏమనగా: పాసైన పిల్లకు చదవడం నేర్పడం నేరమైనప్పుడు, మా పిల్లను ఫెయిల్ చేసేయండి. ఫెయిలైన పిల్లకు నేర్పితే ఏ నిబంధనా అడ్డు రాదు కదా. పిల్లను ఫెయిల్ చేయమని అర్జీ పెట్టేది లోకంలో నువ్వొక్కదానివేనని మా ఆయన అంటున్నారు. ఆ మిగతా పదిమంది తల్లులకూ ఇంకా తెలియదు గనుక ప్రస్తుతానికి నేనొక్కదాన్నే. నా బస్సు రోజూ వాళ్ల వీధుల మీదుగానే పోతుంది. ఫెయిల్ చేయడం తమ చేతిలో లేదంటే ఆ మెమో అయినా వెనక్కి తీసుకుని, టీచరమ్మను, ఆ వెనక గదిని, ఆ చివరి పీరియడును పిల్లలకు వదిలేయండి. ఫొటోలు కావాలంటే మా ఇంటికి కబురు పెట్టండి, నేనే దగ్గరుండి దించి పంపుతాను.

ఈ అర్జీని ఆసాంతం, తమరే చదివి చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
రేడియో తల్లి

తా.క.: కవరు అంటించే ముందు ఈ అర్జీని మా అమ్మాయి చేత చదివించాను. మా అత్తగారి వంట ముగిసేసరికి సగమే అయింది. 'పురస్కరించుకొని' దగ్గర, ఇలాంటి మాటలు ఎవరు రాయమన్నారని నన్ను కసిరింది. ఆఖరికి 'చిత్తగించవలెను' దగ్గర ఆగి, అంటే ఏమిటని అడిగింది. దయచేసి చదవండి అని బతిమాలుకోవడమని చెప్పాను.

"ఆయనకి చదవడం వచ్చా అమ్మా?" అంది.

వచ్చనే చెప్పాను. పిల్ల దగ్గర నా మాట పోనీయకండి.