ఆరుగురిలో ఎవరికెవరు తెలుసు?

రిసాలి, భిలాయి

చిరంజీవి సుచిత్రకు తాత సూర్యారావు ఆశీస్సులు.

హాస్టల్లో ఫోన్ లాగేసుకున్నారా? మంచి పని. నీ ఒలింపియాడ్ లెక్క చూశాను. ఏ ఆరుగురిని తీసుకున్నా, ఒకరికొకరు తెలిసిన ముగ్గురో, ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురో ఉండి తీరతారని నిరూపించాలా? ఏటమ్మా ఇది! ప్లాంటులో ప్రమాదం జరిగితే ఎంక్వైరీ చేసేవాణ్ణి కదా, అలాగే చేశాను. నేను, మీ నాన్నమ్మ, సుపేలా టీ కొట్టు దగ్గర నుంచి పట్టుకొచ్చిన నలుగురు. అందులో ఇద్దరు మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరిని మేమెన్నడూ చూడలేదు. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. నువ్వన్న ముగ్గురు లేరు. లెక్క తప్పు. పరీక్షవాళ్ళకి చెప్పేయ్.

తాత

తా.క. మీ నాన్నమ్మ అందరికీ సమోసాలు చేసింది. చేస్తున్నంతసేపూ పళ్ళు నూరింది.

* * *

హాస్టల్, రాయపూర్

తాతయ్యకు నమస్కారాలు.

అరె తాతయ్యా, అది తప్పవడం కుదరదు! మా సార్ బోర్డు మీద నిరూపించారు. నీ ఎంక్వైరీ కూడా తప్పవదు కదా. రెండూ రైటెలా అవుతాయి? తల తిరిగిపోతోంది. ఆదివారమే పరీక్ష. ఇది పోతే నాన్న ఇంజనీరింగ్ కోచింగ్‌లో పడేస్తానన్నారు. నాకేమో లెక్కలే చదవాలని ఉంది. ప్లీజ్, మళ్ళీ అడుగు. ఎవరో అబద్ధం చెప్పారు.

సుచిత్ర

తా.క. సమోసాలు మిగిలితే పంపు. ఇక్కడ రోజూ సొరకాయే.

* * *

రిసాలి

సుచిత్రా, ఆశీస్సులు.

మళ్ళీ అడిగాను. ఎవరూ మాట మార్చలేదు. ఎవరికెవరు తెలుసో వెనక పక్క బొమ్మ గీశాను చూడు. ఒక్క జంట దగ్గరే ఇబ్బంది. ఒకరు తెలుసంటారు, రెండోవారు తెలీదంటారు. ఎటు వెయ్యాలో తోచక వదిలేశాను. ఎవరని అడక్కు.

తాత

తా.క. ఎలాగూ అడుగుతావు. తెలుసన్నది నేను. తెలీదన్నది మీ నాన్నమ్మ. "ఏ షిఫ్టుకెళ్ళీవోడో, ఎప్పుడొచ్చి పడుకునీవోడో! రిటైరయ్యాక టీ కొట్టు. ఈ మనిషి నాకేటి తెలుసు?" అంది. ఈసారి ఆ నలుగురి ముందే!

* * *

హాస్టల్, రాయపూర్

తాతయ్యా, నమస్కారాలు, నమస్కారాలు!

అదే, అక్కడే ఉంది! తెలియడం రెండు వైపులా ఉంటేనే ఆ లెక్క నిలబడుతుంది. పరీక్షలో చివర ఏమడిగారో తెలుసా? ఒకవైపే తెలిసుండొచ్చంటే, లెక్క తప్పయ్యే ఉదాహరణ ఇవ్వమన్నారు. నీ బొమ్మ నీ పేరు, నాన్నమ్మ పేరుతో సహా గీసేశాను. క్యాంపుకి సెలెక్టయ్యాను, వెళ్ళొచ్చాను కూడా! నాన్న కోచింగ్ ఊసెత్తడం లేదు.

సుచిత్ర

తా.క. పేపరు దిద్దిన సార్ క్యాంపులో నన్ను పిలిచి అడిగారు: "నూకమ్మగారు ఇప్పుడేమంటున్నారు?"

* * *

రిసాలి

బంగారు తల్లికి తాత ఆశీస్సులు.

చాలా సంతోషంగా ఉందమ్మా. నేను టీ కొట్టు మానేశాను. పొద్దున్నే ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఎన్ని కబుర్లు చెప్తోందో! ఒక్కటీ నేను విన్నది కాదు. కాబట్టి నా వాంగ్మూలం మార్చుకుంటున్నాను. ఆవిడ నాకు తెలుసన్న మాట తప్పు. ఇప్పుడు చూడు, నేను, ఆవిడ, టీ కొట్టు దగ్గర దొరికిన ఆ కొత్తవాళ్ళిద్దరిలో ఒకాయన. ఒకరికొకరు తెలియని ముగ్గురు. మీ సార్ లెక్క రైటేనమ్మా.

తాత

తా.క. నిన్న ఆవిణ్ణి మళ్ళీ అడిగాను. "కొంచెం తెలుసు" అంది. దీన్నెటు వెయ్యాలో మీ సార్‌ని కనుక్కో.