ఈసారి హీరో చస్తాడు

కొలీనక్కా,

పండక్కి వండిన పంది మాంసం, అదే హామ్, ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. బఫెలో ఊళ్లో పడ్డ మంచు మొత్తం మన మెట్ల మీదే పడింది, ఎత్తేశాను.

తినగానే నాన్న ఉంటున్న వృద్ధుల హోమ్‌కి వచ్చెయ్. నిన్న క్రిస్మస్ ముందురోజు కదా, ఆయన నాలుగువేల సార్లు చూసిన ఆ ఫైటింగ్ సినిమా పెట్టాను. ఏటా అన్నట్టే "ఈసారి హీరో చస్తాడు నాన్నా" అన్నాను. "నోర్ముయ్ రా డెస్మండ్!" అని పాప్‌కార్న్ విసురుతాడనుకున్నా. "అయ్యో, పండగపూట వాడి పిల్లలు ఎదురుచూస్తుంటారే!" అని వెక్కివెక్కి ఏడ్చాడు. టీవీ కట్టించేశాడు. హీరో బతుకుతాడని ఎన్నిసార్లు చెప్పినా నమ్మట్లేదు. నువ్వొచ్చి చెప్పు.

డెస్మండ్

ఇంకోటి. హీరో చస్తాడని ఎవరు చెప్పారని నర్సు అడిగితే నా వైపు చూపించి, "ఎవరో ఈ అబ్బాయి. తిట్టకండి, పాపం వాడూ ఏడుస్తున్నాడు" అన్నాడు.